పేర్లు పడే టైము

ఎరువులు, రేట్ల గొడవ ఈసారికి పక్కనపెట్టి వేరే సంగతి రాస్తున్నా. కొంచెం పొడుగే. రాత్రి మోటారు కాడ కూర్చున్నప్పుడు చదువుకోండి.

ఇప్పుడు ఫోన్లో ఏ సీరియల్ పెట్టినా, మొదట్లో పేర్లు పడేచోట మూలన ఒక మీట కనపడుతుంది, ఇది దాటేసి ముందుకి పోండి అని. పిల్లలు టక్కున నొక్కేస్తారు. వాళ్లనేం అనను, వాళ్లకి అక్కడ పనేం లేదు. కానీ యాభై దాటిన మనకి దూరదర్శన్ రోజుల్లో ఆ నిమిషం, నిమిషన్నరే సగం సీరియల్. అందులోనూ నవ్వించే సీరియళ్లకి మరీను. ఎందుకో చెప్తా.

ముందు టీవీ మన ఊళ్లకి ఎట్లా వచ్చిందో గుర్తుచేసుకుందాం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఒకటి అద్దెకి తెచ్చినట్టు తెచ్చి, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో టీవీ చూపించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. ఆ గొడుగు యాంటెన్నా దేంతో చేశారనుకున్నారు? కోళ్లకి అడ్డంగా కట్టే ఇనప వల! సేద్యం, ఆరోగ్యం, పిల్లల చదువు, ఇవే కార్యక్రమాలు. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్లిపోయింది. 1982లో రంగుల టీవీ, 1983లో మన ఇన్సాట్-1బి పైకెళ్లడం, ఆ తర్వాత రెండేళ్లలో చిన్నచిన్న టౌన్లలో కూడా ట్రాన్స్‌మిటర్లు లేవడం, ఇదంతా గబగబా జరిగింది. ఒక్క చిక్కుంది. ఆ చిన్న ట్రాన్స్‌మిటర్లు చాలావరకు ఢిల్లీ నుంచి వచ్చిందే చూపించేవి. అంటే హిందీ.

హిందీ మనకెక్కడొచ్చు? బళ్లో చదివిన నాలుగు ముక్కలు జోకులకి చాలవు. ఏడుపు సీరియలైతే మొహం చూసి తెలిసిపోతుంది. నవ్వులో మాట తెలియకపోతే అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా నవ్వాలి, అదీ పక్కవాణ్ణి చూసి. అట్లాంటప్పుడు పూర్తిగా మనకర్థమైంది పేర్లు పడేటప్పుడు వచ్చే పాట, బొమ్మలు. వాటికి భాష అక్కర్లేదు.

1984లో 'యే జో హై జిందగీ' వచ్చింది. రాసింది శరద్ జోషి, తీసినవాళ్లలో కుందన్ షా ఒకరు. షఫీ ఇనామ్‌దార్, స్వరూప్ సంపత్, రాకేశ్ బేదీ ఒకే ఇంట్లో ఉంటారు. సతీశ్ షా మాత్రం వారానికొక వేషం. అద్దెకొచ్చినవాడు, బంధువు, ఇంకెవడో, ప్రతివారం కొత్త మనిషి. మొదటి పాట కిశోర్ కుమార్ పాడాడు. సినిమాల్లో పాడే అంత పెద్ద గొంతు టీవీలో ఇంటికే వచ్చి పాడటమంటే అప్పట్లో మామూలు విషయం కాదు. దానికి డబ్బులు పెట్టింది విక్కో వాళ్లు. అందుకని పసుపు క్రీము ప్రకటన, ఆ పాట, సీరియల్ పాట మూడూ కలిసిపోయి ఒకటే గుర్తు. మావైపు పసుపు దుగ్గిరాల యార్డుకి తోలతాం. పుట్టు పసుపు ఎంతకి పోయిందో తెలుసు మనకి. ఆ క్రీము డబ్బా ఎంతో కూడా తెలుసు. సర్లెండి, ఆ లెక్కలోకి పోతే ఈ పోస్టు తెల్లారేదాకా అవ్వదు.

ఊరికి ఒకటో రెండో టీవీలున్న రోజులు. పేర్లు పడే మ్యూజిక్ అంటే గుడిగంట లాంటిది. పాట వినపడగానే గేదెలకి గడ్డి విదిల్చేసి, చెయ్యి కడుక్కోకుండానే వచ్చేవాళ్లు. అప్పటికి ఇంకా కథ మొదలవ్వదు కదా, పాట పూర్తయ్యేలోపు చాపమీద చోటు దొరికేది. ఇంకో పని కూడా అప్పుడే. ఒకడు డాబా మీద యాంటెన్నా తిప్పుతాడు, ఒకడు గుమ్మంలో నిలబడి కేకేస్తాడు. "వచ్చిందా?" "బొమ్మ వచ్చింది, మాట రాలేదు!" "ఇప్పుడు?" "అంతే, అంతే, కదిలించకు!" పాట సాఫీగా వినపడిందంటే ఆ వారం గట్టెక్కినట్టే. కరెంటు లేకపోతే ట్రాక్టర్ బ్యాటరీ పీకి చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీకి కలిపేవాళ్లు. పొద్దున ట్రాక్టర్ స్టార్ట్ అవ్వక తోసిన ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి.

'మాల్గుడి డేస్' అచ్చంగా నవ్వుల సీరియల్ కాదు, అయినా దాన్ని వదిలి ఈ సంగతి రాయలేను. శంకర్ నాగ్ దర్శకుడు, కర్ణాటకలో అగుంబె అనే వానల ఊళ్లో తీశాడు. కథలు ఆర్.కె. నారాయణ్‌వి. పేర్ల వెనకాల బొమ్మలు గీసింది ఆయన తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్. ఎల్. వైద్యనాథన్ కట్టిన ఆ కూనిరాగం వినని మనిషి ఆ కాలంలో లేడు. నల్ల గీతల్లో వీధి, మనుషులు. అది ఏ రాష్ట్రం ఊరో ఎవరూ అడగలేదు, మనదే అనుకున్నాం. అదే లక్ష్మణ్ ఊహలో పుట్టినవాడే 1988లో వచ్చిన 'వాగ్లే కీ దునియా'లో వాగ్లే, జీతం చాలని గుమాస్తా. అంజన్ శ్రీవాస్తవ్ వేశాడు. 'నుక్కడ్'లో సైకిల్ రిపేరు వాడు, హోటలు వాడు, తాగుబోతు, అంతా మన సెంటర్లో కనపడే జనమే. ఈ రెండిట్లోనూ కుందన్ షా చెయ్యుంది. ఆయన పేరు ఇవాళ ఎంతమందికి తెలుసు?

నన్నడిగితే పేర్ల వరసతోనే నవ్వించినవాడు జస్పాల్ భట్టీ ఒక్కడే. 1989లో 'ఫ్లాప్ షో', మొత్తం పదే పది ఎపిసోడ్లు. అందులో దర్శకత్వం అనాల్సిన చోట తప్పుదర్శకత్వం అనే అర్థమొచ్చేట్టు వేసుకున్నాడు, తన పేరే! ఆ వారం ఎవర్ని ఉతకబోతున్నాడో ముందే వాళ్లకే అంకితం ఇచ్చేవాడు. కాంట్రాక్టర్లకి, పీహెచ్‌డీ గైడ్లకి, అట్లా. లంచం తీసుకునేవాణ్ణి దండేసి కూర్చోబెట్టి కొట్టడమన్నమాట. ఇప్పుడెవరైనా మన ఎరువుల కొట్ల మీద, నకిలీ విత్తనాల మీద అట్లాంటిది తీస్తే పని మానుకుని చూస్తాను.

తెలుగులో హైదరాబాద్ దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందోబ్రహ్మ' ఉండేది. అది వచ్చాక పక్కవాణ్ణి చూడకుండా నవ్వాం.

తర్వాత 1992లో జీ, 1995లో ఈటీవీ, జెమినీ. ఛానళ్లు పెరిగాక సెకన్ల లెక్కన ప్రకటనలు అమ్ముకునే కాలమొచ్చింది. పేర్లు పడే నిమిషమంటే ప్రకటన పోయిన నిమిషం. జనమేమో రిమోట్ పట్టుకుని కూర్చున్నారు, నచ్చకపోతే ఇంకో ఛానల్. గంట కొట్టి పిలవాల్సిన పని లేదు, ఇంటింటికీ టీవీ ఉంది. డైలీ సీరియళ్లకి పాటలు బాగానే ఉండేవి గానీ నవ్వుల వాటిల్లో నిలబడిపోయింది 2001లో జెమినీలో మొదలైన 'అమృతం' ఒక్కటే. సిరివెన్నెల రాసిన ఆ పాట కథ తెలియనివాడికి కూడా వచ్చు. అది మరుగున పడలేదు కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను.

నా బాధ వేరే. ఇప్పుడు ఫోన్లో ఆ పాతవి వెతికితే చాలావాటికి మొదలు ఉండదు. ఎక్కించినవాళ్లు పేర్లు పడేది కోసేసి కథ నుంచి పెడుతున్నారు. నటుల మొహాలు మిగిలాయి. లైట్లు పట్టినవాడు, కుట్టుపని చేసినవాడు, రంగులేసినవాడు, వాళ్ల పేర్లున్న చోటే పోయింది. మన బియ్యం బస్తా చూడండి, మిల్లు పేరుంటుంది, బ్రాండు బొమ్మ ఉంటుంది. పండించినవాడి ఊరి పేరు కూడా ఉండదు. మనకి అలవాటే కాబట్టి దానికి పెద్దగా అనిపించదు గానీ, ఉన్న పేరుని కోసేయడం మాత్రం నాకు మింగుడు పడట్లేదు.

మీలో ఎవరింట్లోనైనా ఆ రోజుల్లో వీసీఆర్‌లో రికార్డు చేసిన క్యాసెట్లు అటక మీద ఉంటే, పాత ఇనుం బండికి మాత్రం వేయకండి. తేమ తగలకుండా పెట్టండి. మొదట్లో పేర్లు పడే ముక్క ఉంటే నాకో మాట చెప్పండి, టౌన్లో క్యాసెట్‌ని ఫోన్లోకి ఎక్కించేవాళ్లు ఇంకా ఉన్నారు.