హారంలో దాగిన లెక్క

దిగుడుబావిలోకి నాలుగు ఊటలు. మొదటిది ఒక్కటే అయితే బావి నిండడానికి ఒక రోజు పడుతుంది. రెండోదానికి అరరోజు, మూడోదానికి రోజులో మూడో వంతు, నాలుగోదానికి ఆరో వంతు. నాలుగూ ఒక్కసారే పారితే? 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో వేసిన ప్రశ్న ఇది.

ఇవాళ్టి పిల్లలైతే కాలాన్ని ఎక్స్ అనుకుని, దాన్ని హారంలో పెట్టి మొదలుపెడతారు. ఆ ఎక్స్ వాడుక 1637లో డెకార్ట్ పుస్తకంతో స్థిరపడింది. భాస్కరుడి దారి వేరు. కాలాల భిన్నాలను తిరగేస్తే రోజుకు ఏ ఊట ఎన్ని బావులు నింపుతుందో తేలుతుంది: ఒకటి, రెండు, మూడు, ఆరు. మొత్తం పన్నెండు. అంటే ఒక బావికి రోజులో పన్నెండో వంతు. అరవై ఘడియల రోజులో అయిదు ఘడియలు, మన లెక్కన రెండు గంటలు.

ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గే లెక్కలకు ‘లీలావతి’లో వ్యస్త త్రైరాశికం ఉంది. రెండేళ్లు పని చేసిన ఎద్దు ధర నాలుగు నిష్కాలైతే, ఆరేళ్లు చేసినదానికి ఎంత? రెండు నాలుగుల ఎనిమిదిని ఆరుతో భాగిస్తే ఒకటీ మూడో వంతు. అక్కడే పదహారేళ్ల దాసి వెల 32 నిష్కాలైతే ఇరవై ఏళ్ల దాసికి ఎంతన్న ప్రశ్నా ఉంది. సూత్రంలో తప్పు లేదు. మనుషులను సంతలో నిలబెట్టిన కాలం మాత్రం ఆ లెక్కలో దొరికిపోయింది.

హారంలో సున్నా వస్తేనే పెద్దల మధ్య పేచీ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాను సున్నాతో భాగిస్తే సున్నాయే అన్నాడు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు, సున్నాతో భాగించినా సంఖ్య మారదన్నాడు. భాస్కరుడు సున్నా హారంగా ఉన్న రాశిని ఖహరమని, అనంతమని అన్నాడు. నేటి బడిగణితం ముగ్గురినీ ఒప్పుకోదు, ఆ భాగహారమే చెల్లదంటుంది. ఆ మహావీరాచార్యుడి ‘గణిత సార సంగ్రహా’న్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలినాటి గణిత గ్రంథం అదే.

భాస్కరుడి ఊటల ఉపాయం హారంలో ఎక్స్, వై ఉన్న సమీకరణాల్లో మళ్లీ ఎదురవుతుంది. రెండు బై ఎక్స్, మూడు బై వై కలిస్తే 13. అయిదు బై ఎక్స్‌లోంచి నాలుగు బై వై తీసేస్తే మైనస్ 2. ఒకటి బై ఎక్స్‌ను పి అని, ఒకటి బై వైని క్యూ అని పేరు పెట్టగానే హారాలు మాయమై మామూలు సమీకరణాలు మిగులుతాయి. పి రెండు, క్యూ మూడు. ఎక్స్ అర, వై మూడో వంతు.