క్యాథలిక్ వర్కర్ ఉద్యమం

1933 మే 1న న్యూయార్క్‌లో డొరతీ డే, పీటర్ మౌరిన్ ఒక సెంటు పత్రికతో మొదలుపెట్టిన ఉద్యమం. నిలువ నీడలేనివారికి అన్నం పెట్టే ఆతిథ్య గృహాలు, ఉమ్మడి సాగు క్షేత్రాలు, యుద్ధ వ్యతిరేకత దీని పునాదులు. అన్నదానం పేదరికపు వేళ్లను తాకదన్న విమర్శ దీనికి వర్తించదు. పళ్లెంలోకి వచ్చే పండు ఎవరి చెమటతో పండిందో కూడా ఈ ఉద్యమం అడిగింది. కాలిఫోర్నియా ద్రాక్షతోటల కూలీల పోరాటంలో పాల్గొని, 1973లో డే 75 ఏళ్ల వయసులో అరెస్టయ్యారు.

హిట్లర్ ముందు అహింస నిలవదన్న అభ్యంతరం మరింత బరువైనది. దానికి ఉద్యమం పూర్తి సమాధానం చెప్పలేకపోయింది. అయినా రెండో ప్రపంచ యుద్ధకాలంలో పాఠకులు భారీగా తగ్గినా పత్రిక తన శాంతివాదాన్ని వదల్లేదు. నిలకడకు అంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు. డే 1980లో మరణించారు. ఆతిథ్య గృహాలు అమెరికాలోనూ, ఇతర దేశాల్లోనూ ఇప్పటికీ నడుస్తున్నాయి.