వరద ఒడ్డున ఒక ఏకాంత ప్రార్థన



మొన్న ఒక ఇంట్లో కుటుంబ ప్రార్థన ముగిశాక ఆ ఇంటి పెద్దమ్మ నన్నొక మాట అడిగింది. "అయ్యగారూ, మా అందరి కోసం ప్రార్థిస్తారే, మీరొక్కరే దేవునితో ఎప్పుడు మాట్లాడుకుంటారు?" జవాబు చెప్పలేకపోయాను. ఆ నెలలో నేను చేసిన ప్రార్థనలన్నీ ఎవరో ఒకరు వింటుండగా చేసినవే. ఇంటికి వస్తుంటే మన ఊళ్లో సేవ చేసి వెళ్లిన ఒక దైవసేవకుడు గుర్తొచ్చాడు.

అమెరికాలోని రిఫార్మ్‌డ్ సంఘం తరఫున స్కడర్ సోదరులు 1853లో ఆర్కాట్ మిషన్‌ను స్థాపించారు. మన పలమనేరు ఆ మిషన్ కేంద్రాల్లో ఒకటి. 1860లో ఇండియాకు వచ్చిన జేకబ్ చాంబర్లేన్ గారు తొలి రోజుల్లో ఇక్కడే ఉన్నారు. ఆయన పాదిరీ మాత్రమే కాదు, వైద్యుడు కూడా. 1863లో మదనపల్లెకు మారారు.

అదే ఏడాది ఆయన నలుగురు దేశీయ సహకారులతో పెద్ద ప్రయాణానికి బయలుదేరారు. నైజాం రాజ్యం మీదుగా గోదావరి అడవుల దాకా, సుమారు 1,200 మైళ్లు. ఊరూరా సువార్త చెప్పడం, లేఖన భాగాలు అందించడం వాళ్ల పని.

తిరుగు దారిలో వానలు పట్టుకున్నాయి. గోదావరి పొంగి, దాటాల్సిన ఉపనదిలోకి నీళ్లు ఎగదన్నాయి. ముందుకు దారి లేదు. వెనక పులులున్న అడవి. పొద్దు వాలుతోంది. కూలీలు భయపడిపోతున్నారు. అప్పుడు చాంబర్లేన్ గారు గుర్రాన్ని కాస్త పక్కకు తీసుకుపోయి, ఒంటరిగా ప్రభువుతో మాట్లాడారు. ఎడమకు తిరిగి గోదావరి వైపు వెళ్లమని మనసులో బలంగా తోచింది. దారి చూపేవాళ్లను అడిగితే అక్కడ ఏమీ లేదన్నారు. మళ్లీ ప్రార్థించారు. మళ్లీ అదే తోచింది. చివరికి అటే నడిచారు. ఒడ్డున ఒక పెద్ద పడవ! పైన కట్టిన చోటి నుంచి వరదకు తెగి కొట్టుకొచ్చిందట. ఆ రాత్రి అందరూ అందులోనే తలదాచుకున్నారు. ఈ సంగతి ఆయనే 1896లో వచ్చిన 'ఇన్ ద టైగర్ జంగిల్' అనే పుస్తకంలో రాసుకున్నారు.

ఈ కథ వినగానే మనకు పడవే కనిపిస్తుంది. నాకు మాత్రం గుర్రాన్ని పక్కకు తిప్పిన ఆ నిమిషం కనిపిస్తుంది. టైము లేదు అనడానికి ఆయనకున్నంత కారణం మనలో ఎవరికుంది? అయినా పక్కకు వెళ్లారు.

నెహెమ్యాను చూడండి. రాజు ప్రశ్న అడిగాడు, నెహెమ్యా జవాబు చెప్పాడు. ఆ రెంటి మధ్య ఒక్క క్షణం ప్రార్థన. అంత చిన్న ప్రార్థన సరిపోయిందా? మొదటి అధ్యాయం చదివితే తెలుస్తుంది. కిస్లేవు నెల మొదలు నీసాను వరకు, దాదాపు నాలుగు నెలలుగా అతని హృదయం దేవుని ఎదుట ఏడుస్తూనే ఉంది. చాటున చేసిన ప్రార్థనే సభలో క్షణమై పనికొచ్చింది. బావిలో ఊట ఉంటేనే గదా బిందె మునిగేది!

అయితే ప్రియులారా, ప్రార్థన పడవను రప్పించే మంత్రం కాదు. చాంబర్లేన్ గారికీ అన్నీ దొరకలేదు. ఆరోగ్యం ఎన్నోసార్లు దెబ్బతింది. తెలుగు బైబిలు సవరణ పనిలో ఏళ్లకేళ్లు గడిచాయి. అక్కడ అద్భుతాలేమీ లేవు, ఓపికే ఉంది. 1908లో మదనపల్లెలోనే ప్రభువు సన్నిధికి చేరారు. పడవ దొరికిన రోజునా, దొరకని రోజుల్లోనూ ఆయన నమ్మింది ఆ ఒక్క ప్రభువునే.

మీ కష్టం నాకు తెలుసు. తెల్లవారుజామున నాలుగు గంటలకే పాలు పితకాలి. టమోటాలు మండీకి చేరాలి. పట్టుపురుగులకు వేళకు ఆకు వేయాలి. గంటసేపు మోకరించమని నేను అడగను. పది నిమిషాలు చాలు. రోజూ ఒకే చోటు, ఒకే వేళ. ఫోను మాత్రం వేరే గదిలో ఉండాలి. యేసుప్రభువు కూడా ఇంకా చీకటి ఉండగానే లేచి, జనం వెతుక్కుంటూ రాకముందే అరణ్య ప్రదేశానికి వెళ్లాడు.

ఆ పెద్దమ్మ మాట విన్న మరుసటి రోజు నుంచి ఫోను ఇంట్లో పెట్టి, తెల్లారకముందే మందిరానికి వెళ్తున్నాను. మొదటి రెండు రోజులు మాటే రాలేదు. ప్రసంగంలో వాడే మాటలే నోటికొచ్చాయి. మూడో రోజు, ఎవరికీ చెప్పుకోలేని ఒక భయాన్ని ఉన్నదున్నట్టు ప్రభువుకు చెప్పి ఏడ్చాను. ఆ సమస్య ఇంకా తీరలేదు. కానీ ఇప్పుడు దాన్ని నేనొక్కడినే మోయడం లేదు.

వరద వచ్చే దాకా ఆగకండి. రేపు పొద్దున్నే ఒక్కసారి పక్కకు తిరగండి.

రహస్యమందు చూచు తండ్రి మిమ్మును బలపరచును గాక. ఆమేన్.