యాంజియోటెన్సిన్: చెరో ముక్కా ఇచ్చిన పేరు

నాన్న బీపీ మాత్రల అట్ట వెనక చిన్న అక్షరాల్లో టెల్మిసార్టాన్ అని ఉంటుంది. అది అడ్డుకునేది యాంజియోటెన్సిన్‌ని. నోరు తిరగని ఈ పేరు నిజానికి ఓ రాజీ.

1940 ప్రాంతంలో ఒకే పదార్థం రెండు చోట్ల, విడివిడిగా దొరికింది. అమెరికాలో ఇర్విన్ పేజ్ బృందం దాన్ని ‘యాంజియోటోనిన్’ అంది. గ్రీకు మూలంలో యాంజియో అంటే నాళం. బ్యూనస్ ఎయిర్స్‌లో బ్రౌన్ మెనెండెజ్ బృందం ‘హైపర్‌టెన్సిన్’ అంది. ఏళ్ల తరబడి ఎవరి పేరు వారిదే. 1958లో ఇద్దరూ కలిసి, ఆ పేరు తల, ఈ పేరు తోక అతికించారు. సొంత పేరు సగం వదులుకోవడమంటే మాటలా!

యాంజియోటెన్సిన్‌ని పుట్టించే రెనిన్ పేరు కథ తేలిక. లాటిన్‌లో రెన్ అంటే మూత్రపిండమే. ఒంట్లో ఉప్పో, రక్తపోటో తగ్గితే కిడ్నీ రెనిన్‌ని వదులుతుంది. దాంతో పుట్టిన యాంజియోటెన్సిన్ నాళాలను బిగిస్తుంది, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్‌ని ఉసిగొల్పుతుంది. ఆ హార్మోన్ మూత్రంలో పోబోయే సోడియాన్ని వెనక్కి లాగుతుంది, వెంట నీళ్లూ వస్తాయి.

పెరుగన్నంలో కూడా ఆవకాయ నంజుకుని, పైగా ఊరమిరపకాయ కొరికే నాన్నకు ఉప్పు కరువు ఏనాడూ రాలేదు.