కషాయం మిఠాయి అయిన కథ

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శిగారు కోరారు. నేను వైద్యుణ్ణి కాను. ముప్పై మూడేళ్లు ఆడిట్ విభాగంలో పద్దులు సరిచూసినవాణ్ణి. అందుచేత వైద్యం చెప్పకుండా చరిత్ర చెబుతాను. విషయం చాక్లెట్. నవ్వకండి. విదేశాల నుంచి వచ్చిన పిల్లలు "నాన్నా, ఇది డార్క్ చాక్లెట్, గుండెకు మంచిదట" అని పెట్టెలు తెచ్చి ఇవ్వని ఇల్లు మన సభ్యుల్లో తక్కువ. షుగరు ఉన్న మిత్రులొకరు రోజూ రాత్రి భోజనం కాగానే మందుబిళ్లలాగా ఒక ముక్క వేసుకుంటున్నారు. ఈ 'మంచిదట' ఎక్కడ పుట్టిందో చూద్దామని కొన్నాళ్లు పుస్తకాలు తిరగేశాను.

ఇప్పుడు మన గోదావరి జిల్లాల కొబ్బరితోటల నీడన కూడా పెరుగుతున్న కోకో చెట్టుకు పుట్టిల్లు దక్షిణ అమెరికా. మెక్సికో ప్రాంతంలో మాయా, ఆజ్‌టెక్ ప్రజలు దాని గింజలను వేయించి, నూరి, నీళ్లలో కలిపి, మిరప వంటి దినుసులు వేసి, నురగ వచ్చేలా చేసి తాగేవారు. చక్కెర లేదు, పాలు లేవు. కషాయమనే అనుకోండి. ఆజ్‌టెక్ సంతల్లో ఆ గింజలే చిల్లర డబ్బుగా చెల్లేవి.

స్పెయిన్ వారి ద్వారా అది ఐరోపా చేరింది. 1631లో కొల్మెనెరో అనే స్పెయిన్ వైద్యుడు ఈ పానీయం మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. ఆనాటి వైద్యుల వాదనలు చదువుతుంటే మన అమ్మమ్మల మాటలే గుర్తొస్తాయి. కోకో చలువ, అందులో వేసే దినుసులు వేడి, ఎవరి ఒంటికి ఏది పడుతుంది అని చర్చ. 1753లో లిన్నేయస్ ఆ చెట్టుకు 'దేవతల ఆహారం' అనే అర్థంతో థియోబ్రోమా అని పేరు పెట్టాడు.

అసలు మలుపు 1828లో వచ్చింది. కోకో గింజలో దాదాపు సగం కొవ్వే. హాలెండులో వాన్ హౌటెన్ కుటుంబం ఆ కొవ్వును పిండి తీసే పద్ధతికి పేటెంటు పొందింది. మన గానుగలో తెలకపిండి మిగిలినట్టు మిగిలిన చెక్కను పొడి చేసి, నీళ్లలో బాగా కలవడానికి క్షారం కలిపారు. చేదూ వగరూ తగ్గాయి, రంగు ముదిరింది. అందరూ సంతోషించారు. అయితే ఆ చేదు వగరులకు కారణమైన పదార్థాల్లో ఫ్లావనాల్స్ ముఖ్యమైనవని, రక్తనాళాలు సడలడానికి తోడ్పడేవి అవేనని చాలాకాలం తర్వాత తెలిసింది. క్షారం వాటిలో చాలా భాగాన్ని పోగొడుతుంది. కాబట్టి నలుపు చూసి నమ్మరాదు.

1847లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీ కోకో పొడి, చక్కెర, కోకో కొవ్వు కలిపి అచ్చుపోసింది. తాగేది తినేదయింది. 1875లో స్విట్జర్లాండ్‌లో డేనియల్ పీటర్ పాలు చేర్చాడు. ఇలా ఒక్కొక్కటీ చేరేకొద్దీ గింజ వాటా తగ్గింది. నేటి మామూలు పాల చాక్లెట్‌లో ఇంచుమించు సగం చక్కెరే!

మరి గుండె మాట? పనామా తీరపు దీవుల్లో కూనా అనే ఆదివాసులున్నారు. 1990ల్లో హార్వర్డ్ వైద్యుడు నార్మన్ హోలెన్‌బర్గ్ వారిని పరిశీలించాడు. ఉప్పు తక్కువేమీ తినరు, అయినా దీవిలో ఉన్నవారికి వయసుతోపాటు బీ.పీ. పెరగలేదు. పట్నానికి వలస వెళ్లినవారికి పెరిగింది. దీవిలో వారు రోజూ కోకో పానీయం తాగుతారని, అదే కారణం కావచ్చని ఆయన అభిప్రాయం. తర్వాతివారు కొందరు దీన్ని ప్రశ్నించారు కూడా.

అతిపెద్ద పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. అమెరికాలో 21,442 మంది, మగవారు 60, ఆడవారు 65 దాటినవారు. అంటే మన ఈడువారే. సగంమందికి రోజూ 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్, మిగతావారికి ఉత్త గుళికలు ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి లెక్కిస్తే తగ్గింది 10 శాతం. అది యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పేంత తేడా కాదు. గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు మాత్రం 27 శాతం తగ్గాయి. ఆశ కలిగించే అంకెే, కాని పరీక్ష ముఖ్యంగా తేల్చదలచుకున్నది అది కాదు. ఖర్చులో కొంత భరించింది, గుళికలు సమకూర్చింది చాక్లెట్లు చేసే మార్స్ కంపెనీ. పద్దు చూసేవాడు ఎవరి ఖాతా నుంచి వచ్చిందో కూడా చూస్తాడు! అన్నిటికంటే ముఖ్యం, వారు మింగింది గుళికలు, చక్కెర లేనివి. ఎవరికీ చాక్లెట్ పెట్టలేదు.

డార్క్ చాక్లెట్ 100 గ్రాములు తింటే దాదాపు 600 కేలరీలు. 2022 డిసెంబరులో అమెరికా వినియోగదారుల పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ 28 రకాల డార్క్ చాక్లెట్లను పరీక్షించింది. వాటిలో 23 రకాలు రోజుకు ఒక ఔన్సు తిన్నా సీసమో కాడ్మియమో మితిమీరుతుందని తేల్చింది. కాడ్మియం మూత్రపిండాలకు చెరుపు.

పిల్లలు తెచ్చిన పొట్లం వెనక్కి తిప్పి చూడండి. పదార్థాల జాబితాలో ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. చక్కెర మొదట ఉంటే అది మిఠాయి. అమెరికా సరుకైతే కోకో పక్కన ఆల్కలీ మాట ఉందేమో చూడండి, ఉంటే అది వాన్ హౌటెన్‌గారి పద్ధతే. అక్షరాలు మరీ సన్నం. నేను భూతద్దం పెట్టుకునే చదువుతున్నాను.