పిస్టల్ సేఫ్టీ మీట

పిస్టల్ అనుకోకుండా పేలకుండా బొటనవేలితో వేసే అడ్డు. ఇది ప్రతి పిస్టల్‌కూ అవసరమా అన్నది నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే 9 ఎం.ఎం. 1ఎ పిస్టల్‌కు మూలం బ్రౌనింగ్ హైపవర్. సుత్తి వెనక్కి లాగి ఉంటే తేలికపాటి నొక్కుకే పేలుతుంది కనుక దానికి మీట తప్పనిసరి. 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్న గ్లాక్ 17కు మీట లేదు. ట్రిగ్గర్‌పై చిన్న నాలుక, లోపలి అడ్డులు కిందపడినా పేలకుండా కాపాడతాయి. వేలు ట్రిగ్గర్ మీదికి వెళితే మాత్రం అవేవీ ఆపలేవు. రివాల్వర్‌కు సాధారణంగా బరువైన ట్రిగ్గరే రక్షణ.

అసలు ప్రమాదం మరోచోట ఉంది: మ్యాగజైన్ తీశాక కూడా ఛాంబర్‌లో తూటా మిగిలిపోవచ్చు. అందుకే ముందు మ్యాగజైన్ తీసి, తర్వాత స్లయిడ్ లాగి, ఛాంబర్‌ను కళ్లారా చూడాలి. ఏ మీటా దీనికి బదులు కాదు.

ఇక చట్టం విషయానికొస్తే, కమిషనరేట్ ప్రాంతాల్లో ఆయుధ లైసెన్సులు పోలీస్ కమిషనర్ ఇస్తారు. ఎన్నికల వేళ లైసెన్సుదారులు సాధారణంగా ఆయుధాలను ఠాణాలో అప్పగించాలి. నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి.