180 బై 50

స్టీరియో మార్పిద్దామని షాపుకు వెళ్తే కుర్రాడు ముందు అడిగేది బ్రాండు పేరు కాదు, “సింగిల్ డినా, డబుల్ డినా సార్?” అని. డిన్ అంటే జర్మనీ ప్రమాణాల సంస్థ. డాష్‌బోర్డులో స్టీరియో కూర్చునే గాడి 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలని అక్కడ రాసుకున్నారు. తర్వాత అదే ఐఎస్ఓ 7736 పేరుతో దేశాలు దాటింది. ఇటాలియన్ కారులో జపాన్ సెట్టు అరగంటలో ఒదిగిపోయిందంటే ఆ రెండు అంకెల పుణ్యమే.

గాడి లేని రోజుల్లో ఆ పని నరకం. 1930లో షికాగో వ్యాపారి పాల్ గాల్విన్ తన స్టూడిబేకర్ కారులో రేడియో పెట్టించి అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సభకు వెళ్లాడు. లోపల స్టాలు లేదు. కారును బయటే ఆపి పాట పెట్టాడు. ఆ రేడియోకు పెట్టిన పేరు మోటరోలా, తర్వాత కంపెనీకీ అదే అయింది. కానీ కొన్నవాడి అవస్థ వేరు. రేడియో పెట్టె ఒకచోట, స్పీకరు ఒకచోట, బ్యాటరీలు మరోచోట. స్పార్క్ ప్లగ్గుల గరగర పాటలో కలవకుండా వాటికి సప్రెసర్లు. ఐరోపాలో 1932లో వచ్చిన బ్లాపుంక్ట్ ఏఎస్ 5 బరువు దాదాపు 15 కిలోలు, ధర 465 రైష్‌మార్కులు. ఊడదీసి మరొకటి పెట్టుకోవాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికి వస్తుంది?

గాడి వచ్చాక ఆ ఆలోచన అందరికీ వచ్చింది, దొంగలతో సహా. చాలా సెట్లకు ముఖం అంచున రెండు వైపులా చిన్న రంధ్రాలుంటాయి. వాటిలోకి వంచిన ఉక్కు తీగలు దూర్చి లాగితే లోపలి స్ప్రింగులు వదిలేస్తాయి, సెట్టు జారి చేతిలోకి వస్తుంది. మెకానిక్ పని తేలిక చేసిన ఏర్పాటే దొంగకూ తేలిక చేసింది. 1980లలో న్యూయార్క్‌లో కార్ల అద్దాలకు ‘రేడియో లేదు’ అని కాగితాలు అతికించుకునేవారు. కంపెనీలు మొదట సెట్టునే చంకన పెట్టుకుపోయేలా చేశాయి, తర్వాత ముఖం మాత్రం ఊడేలా చేశాయి, ఆపైన రహస్య సంఖ్య పెట్టాయి. బ్యాటరీ మార్చినా సరే ఆ సంఖ్య చెప్పాలి. సంఖ్య రాసిన కార్డు పోగొట్టుకున్న అసలు యజమాని కూడా మూగ సెట్టు ముందు నిలబడాల్సిందే.

మన దగ్గర మారుతి 800 కొన్నవాళ్లలో ఎందరో షోరూం నుంచి తిన్నగా స్టీరియో షాపుకే వెళ్లేవారు. అక్కడ అసలు విద్య ప్యానెల్ వెనక ఉంది. పసుపు తీగలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ఎర్ర తీగలో తాళం తిప్పితేనే వస్తుంది, నలుపు ఎర్త్. కొన్ని జర్మన్ కార్ల కప్లర్లో పసుపు, ఎరుపు తారుమారుగా ఉంటాయి. చూడకుండా కలిపితే తాళం తీసిన ప్రతిసారీ సెట్టు స్టేషన్లన్నీ మరిచిపోతుంది. అనుభవం ఉన్న మేస్త్రీ అందుకే తీగ రంగును నమ్మడు, టెస్టర్ పెట్టి చూస్తాడు.

దారి చూపే యంత్రం మాత్రం ఈ గాడిలో పుట్టలేదు. 1981లో హోండా తెచ్చిన ఎలక్ట్రో గైరోకేటర్‌కు ఉపగ్రహాలతో సంబంధమే లేదు. హీలియం వాయువుతో పనిచేసే గైరో మలుపులు పసిగట్టేది, తెర మీద పారదర్శకమైన పటాన్ని డ్రైవరే పెట్టుకోవాలి. 1985లో కాలిఫోర్నియా వారి ఈటాక్‌లో పటాలు క్యాసెట్లలో వచ్చేవి. 1990లో పయొనీర్ జీపీఎస్ సెట్టును జపాన్ మార్కెట్లో పెట్టింది. పౌరులకు అందే సంకేతాన్ని అమెరికా కావాలనే మసకబార్చేది కాబట్టి వంద మీటర్ల తేడా మామూలే. 2000 మే నెలలో క్లింటన్ ప్రభుత్వం ఆ మసక తీసేసింది. పటానికి పెద్ద తెర కావాలి. జపాన్‌లో వాడుకలో ఉన్న రెట్టింపు ఎత్తు గాడి, 180 బై 100, అందుకు సరిగ్గా సరిపోయింది.

ఆ తెరే చివరికి గాడిని మింగేసింది. కారు భాగాలన్నీ రెండు తీగల మీద మాట్లాడుకునే క్యాన్ పద్ధతిని బాష్ 1986లో ప్రకటించింది. ఏసీ, వెనక కెమెరా, హెచ్చరిక మోతలు ఒక్కొక్కటే దానిగుండా తెరకు చేరాయి. ఇప్పుడు తెర ఊడదీస్తే పాట ఒక్కటే ఆగదు. నాకిది పురోగతిలా కనిపించదు. కారు పదిహేనేళ్లు నడుస్తుంది, అందులోని కంప్యూటర్ ఐదేళ్లకే ముసలిదవుతుంది. ముసలిదాన్ని మార్చుకునే హక్కే పోయింది. 2022 జనవరి 1న పాత హోండా, అక్యూరా కార్ల నావిగేషన్ గడియారాలు 2002కు వెనక్కి పోయాయి. యజమానులు చేయగలిగిందేమీ లేదు, ఆగస్టులో అదే సర్దుకుంటుందని కంపెనీ చెప్పింది.

విచిత్రమేమంటే, గాడి ఇంకా మిగిలిన పాత కార్లకు ఆ ఇబ్బంది లేదు. 2020లో పోర్షే సంస్థ తన పాత 911ల కోసం కొత్త నావిగేషన్ సెట్టును తయారు చేసింది. తెర ఉంది, ఫోనుతో కలుస్తుంది, గుండ్రటి మీటలు మాత్రం పాతకాలపువి. 1960ల నాటి కారు నుంచి 1990ల నాటి దాకా పట్టేలా దాని కొలత సింగిల్ డిన్.